మీటరు, శ్లాబు, ఉచితం: తెలుగు నేలపై విద్యుత్ వ్యాపార నమూనాల పరిణామం (1959–2020)

వ్యాస సంగ్రహం:

విద్యుత్ పరిశ్రమ చరిత్రను సాధారణంగా మెగావాట్లలో చెప్పుకుంటాం. ఏ ప్రాజెక్టు ఏ సంవత్సరంలో పూర్తయింది, స్థాపిత సామర్థ్యం ఎంత పెరిగింది అన్నవే అందులో ప్రధానాంశాలు. ఈ వ్యాసం అదే చరిత్రను కొలత వైపు నుండి పరిశీలిస్తుంది. వ్యవసాయ పంపుసెట్టుకు ఇచ్చిన కరెంటును ఒక్కో కాలంలో దేనితో కొలిచారు, ఆ కొలత మారినప్పుడల్లా విద్యుత్ సంస్థ దృష్టిలో కొనుగోలుదారు ఎవరయ్యారు అన్న ప్రశ్నల ఆధారంగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పాటు నుండి 2020 నాటి నగదు బదిలీ ఉత్తర్వు వరకు జరిగిన మార్పులను వివరిస్తుంది.

కీలక పదాలు: విద్యుత్ బోర్డు, శ్లాబు ధర, పంపుసెట్టు, నియంత్రణ మండలి, ఉచిత విద్యుత్తు, సబ్సిడీ, సౌర విద్యుత్తు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో కరెంటు "వస్తుంది", "పోతుంది". వాన వచ్చినట్టు, చుట్టం వచ్చినట్టు. "కరెంటు కొన్నాం" అని పల్లెలో గానీ పట్నంలో గానీ ఎవరూ అనరు. బియ్యం కొంటాం, కిరోసిన్ కొంటాం, ఇప్పుడు నీళ్లు కూడా కొంటున్నాం. కరెంటుకు మాత్రం "బిల్లు కడతాం". శిస్తు కట్టడం, ఫీజు కట్టడం వంటి మాటల వరుసలోనిదే ఇది. భాషా విద్యార్థిగా మొదట నన్ను ఆకర్షించింది ఈ క్రియాపదాలే. ఒక వస్తువును అరవై ఏళ్లుగా అమ్ముతున్న పరిశ్రమ ఉంది. దాన్ని కొంటున్నామని చెప్పే వాడుక మాత్రం భాషలో స్థిరపడలేదు. అలాంటప్పుడు ఆ వస్తువును నిజంగా కొంటున్నది ఎవరు?

ఈ ప్రశ్నకు సమాధానం పంపుసెట్టు చరిత్రలో దొరుకుతుందని నా అభిప్రాయం. ఇళ్లకు, కర్మాగారాలకు విద్యుత్తు మొదటి నుండీ మీటరు ద్వారానే అమ్ముడవుతోంది. మీటరు రావడం, పోవడం, మళ్లీ వస్తుందని భయపడటం ఒక్క వ్యవసాయంలోనే జరిగింది. పరిశ్రమ తన వ్యాపార పద్ధతిని మార్చుకున్న ప్రతిసారీ ఆ మార్పు చివరకు బోరుబావి దగ్గరకే వచ్చి ఆగింది.

2. దీపాల వ్యాపారం నుండి బోర్డు దాకా

1910 నాటి భారత విద్యుచ్ఛక్తి చట్టం కింద పట్టణాలకు లైసెన్సులు ఇచ్చేవారు. కోస్తా పట్టణాల్లో ప్రైవేటు సంస్థలు, మద్రాసు ప్రభుత్వ విద్యుత్ శాఖ సరఫరా చేయగా, నిజాం రాజ్యంలో అది ప్రభుత్వ శాఖ పనిగా ఉండేది. హుస్సేన్ సాగర్ ఒడ్డున వెలసిన థర్మల్ కేంద్రం హైదరాబాదుకు వెలుగునిచ్చింది. ఆనాటి వ్యాపారమంతా దీపాలదే. దీపాల వ్యాపారంలో ఒక ఇబ్బంది ఉంది. సాయంత్రం నాలుగైదు గంటలు తప్ప యంత్రాలకు పని ఉండదు. పెట్టుబడి రోజంతా వడ్డీ తింటుంది, రాబడి మాత్రం చీకటి పడ్డాకే. అందుకే ఇంజనీర్లు పగటి వాడకం కోసం వెదికారు. రైసుమిల్లులు, నూనె మిల్లులు, ఆ తరువాత నీటి పంపులు వారికి కనిపించాయి. పైకారా జలవిద్యుత్తు వచ్చాక కోయంబత్తూరు ప్రాంతంలో బావులకు మోటార్లు బిగించడాన్ని మద్రాసు విద్యుత్ శాఖ పనిగట్టుకొని ప్రోత్సహించింది. తరువాతి కాలంలో భారంగా పేరుపడ్డ వ్యవసాయ పంపును మొదట పరిశ్రమే కోరి తెచ్చుకుందన్న సంగతి ఇక్కడ గమనార్హం.

1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం రాష్ట్ర బోర్డులకు దారి వేసింది. సాధ్యమైనంత వరకు నష్టం లేకుండా నడవాలన్నది ఆ చట్టం బోర్డుకు పెట్టిన నియమం. "సాధ్యమైనంత వరకు" అన్న ఆ మెత్తని మాటలో తరువాతి చరిత్ర చాలా భాగం ఇమిడి ఉంది. 1983లో జరిగిన సవరణ స్థిరాస్తుల విలువపై కనీసం మూడు శాతం మిగులు చూపాలని నిర్దేశించింది. మిగులు రాకపోతే ప్రభుత్వ సబ్సిడీని రాబడిగా రాసుకొని ఆ మూడు శాతం చూపించేవారు.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఒరిస్సాతో కలిసి కట్టిన మాచ్‌ఖండ్ అప్పటికే, 1955 నుండి, విద్యుత్తు ఇస్తోంది. జలవిద్యుత్తు ఆర్థిక స్వభావం వేరు. ఖర్చంతా కట్టేటప్పుడే అయిపోతుంది. కట్టాక నీరు ఉన్నంత కాలం ఒక యూనిట్టు ఎక్కువ తీసినా అదనపు ఖర్చు దాదాపు ఉండదు. ఇటువంటి వ్యవస్థలో ఎంత వాడావన్న దానికంటే ఎంత పెద్ద మోటారు పెట్టావన్నదే ముఖ్యమని వాదించడానికి కొంత ఆధారం ఉంది.

ఈ దశలోనే వచ్చిన మరో నమూనాను మన చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక దేశంలో ప్రయోగాత్మకంగా పెట్టిన తొలి గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో సిరిసిల్ల ఒకటి. 1970లో మొదలైన ఆ సంఘం బోర్డు నుండి టోకున కరెంటు తీసుకొని సభ్యులకు పంచేది. వినియోగదారుడే వాటాదారు, పాలకవర్గానికి ఎన్నికలు, ఫిర్యాదు చేయాలంటే సంఘం ఆఫీసు ఊరికి దగ్గరలోనే. మరమగ్గాల పట్టణం, బావుల వ్యవసాయం కలిసిన ప్రాంతం కావడం దానికి అనుకూలించింది. అనకాపల్లి, కుప్పం, చీపురుపల్లి, రాయచోటి వంటి చోట్ల కూడా సంఘాలు వచ్చాయి. కొన్ని కాలక్రమంలో పంపిణీ సంస్థల్లో కలిసిపోయాయి. సిరిసిల్ల సంఘం నిలిచింది. అది ఎలా నిలిచిందన్నది విడిగా పరిశోధించవలసిన అంశం.

3. శ్లాబు: కొలత పోయిన కాలం

1982లో వ్యవసాయ పంపుసెట్లకు మీటరు రీడింగు స్థానంలో హెచ్‌పీ లెక్కన ధర మొదలైంది. మరుసటి ఏడాది ఎన్.టి.రామారావు నాయకత్వంలో ఏర్పడిన తెలుగుదేశం ప్రభుత్వ కాలంలో హెచ్‌పీకి సంవత్సరానికి 50 రూపాయల శ్లాబు రాష్ట్రమంతటా ప్రసిద్ధమైంది. "శ్లాబు" అన్న ఇంగ్లీషు మాట అప్పటి నుండి రైతు భాషలో భాగమైపోయింది. ఇంటి పైకప్పుకూ కరెంటు ధరకూ ఒకే మాట.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఐదు హెచ్‌పీ మోటారుకు ఏడాదికి 250 రూపాయలు. ఐదు హెచ్‌పీ అంటే సుమారు 3.73 కిలోవాట్లు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 150 రోజులు తిప్పితే దాదాపు 4,480 యూనిట్లు. యూనిట్టుకు ఆరు పైసలు కూడా పడదు. ఎంత ఎక్కువ తిప్పితే అంత చవక.

ఈ ఏర్పాటులో ఇరువర్గాలకూ లాభం కనిపించింది. చేలల మధ్య విసిరేసినట్టుండే లక్షలాది మీటర్లను రెండు నెలలకోసారి చదివే శ్రమ బోర్డుకు తప్పింది. మీటరు చదివే మనిషి దయాదాక్షిణ్యాల నుండి రైతు బయటపడ్డాడు. కాలువ నీరున్న డెల్టా రైతు పొందిన ప్రభుత్వ పెట్టుబడి తెలంగాణ, రాయలసీమ మెట్ట రైతుకు అందలేదు. బావి తవ్వకం, మోటారు, పైపులు అన్నీ సొంత ఖర్చే. ఆ అసమానతకు శ్లాబు ఒక పరిహారంలా తోచింది. దానిని కేవలం ఓట్ల కోసం పంచిన తాయిలంగా కొట్టిపారేసే రచనలు ఈ ప్రాంతీయ నేపథ్యాన్ని విస్మరిస్తున్నాయి.

అయితే కాలం ఎంపికలో ఒక విచిత్రం ఉంది. నాగార్జునసాగర్, శ్రీశైలం జలకేంద్రాల పేర్లు మారుమోగుతున్న రోజులే అయినా, ఆ యంత్రాలు సాగునీటి విడుదలకు, వర్షాలకు కట్టుబడినవి. పెరుగుతున్న అవసరానికి అదనపు యూనిట్టు కొత్తగూడెం నుండి, 1979లో మొదలైన విజయవాడ థర్మల్ కేంద్రం నుండి, ఆపైన రామగుండం నుండి రావలసి ఉంది. బొగ్గు విద్యుత్తులో ప్రతి యూనిట్టుకూ ఖర్చుంది. జలవిద్యుత్తుకు సరిపోయే ధర పద్ధతి, వ్యవస్థ బొగ్గు వైపు మళ్లుతున్న సమయంలో అమలులోకి వచ్చింది.

రెండవ పర్యవసానం లెక్కలది. మీటరు లేని పంపు ఎంత వాడిందో ఎవరికీ తెలియదు. పట్టణంలో కొక్కెం వేసి లాగిన కరెంటు, పాత తీగల్లో వేడిగా పోయిన కరెంటు, బిల్లు రాయని కరెంటు అన్నీ వ్యవసాయం ఖాతాలో సర్దడానికి వీలు కలిగింది. 1990ల మధ్య వరకు సరఫరా, పంపిణీ నష్టాలను ఐదో వంతు దరిదాపుల్లో చూపారు. సంస్కరణలకు ముందు తిరిగి లెక్క వేసినప్పుడు అవి మూడో వంతుకు చేరాయి. నష్టం ఒక్క ఏడాదిలో పెరగలేదు. అప్పటిదాకా రైతు వాడకంగా రాసిన దానిలో కొంత భాగం రైతు వాడనిదని ఆ లెక్క చెప్పింది. "రైతుల వల్లే బోర్డు మునిగింది" అన్న మాట వాడుకలో స్థిరపడిన తరువాత వచ్చిన దిద్దుబాటు ఇది. అందుకే దాన్ని పెద్దగా ఎవరూ వినలేదు.

హెచ్‌పీ కూడా నికరమైన కొలత కాదు. పట్టీ మీద మూడు, లోపల చుట్టిన తీగ ఐదు. బావులు ఎండి బోర్లు లోతుకు పోయేకొద్దీ మోటార్ల సైజు పెరిగింది. ట్రాన్స్‌ఫార్మర్‌పై రాసినదానికంటే ఎక్కువ భారం పడింది. వోల్టేజి పడిపోయి మోటార్లు కాలిపోవడం, ట్రాన్స్‌ఫార్మర్లు పేలిపోవడం మామూలయ్యాయి. మా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు రైతులు హెచ్‌పీకింత చొప్పున చందా వేసుకొని, దాన్ని ట్రాక్టరు మీదికెక్కించి మరమ్మతు కేంద్రానికి తీసుకుపోయేవారు. చందా లెక్క కూడా హెచ్‌పీలోనే ఉండేదన్నది ఇప్పుడు ఆలోచిస్తే ఆసక్తికరంగా ఉంది. శ్లాబు ధర కాగితం మీది ధర మాత్రమే. కాలిన మోటారుకు తీగ చుట్టించిన ఖర్చు, ఎండిన మడి అసలు ధరలో భాగాలు.

4. సంస్కరణ: విడగొట్టిన బోర్డు

1995లో హితేన్ భయ్యా కమిటీ బోర్డును విభజించాలని సూచించింది. 1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు స్థానంలో జెన్‌కో, ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. అదే ఏడాది విద్యుత్ నియంత్రణ మండలి పని మొదలుపెట్టింది. 2000లో హైదరాబాదు, విశాఖపట్నం, వరంగల్లు, తిరుపతి కేంద్రాలుగా నాలుగు పంపిణీ సంస్థలు వచ్చాయి. ప్రపంచ బ్యాంకు తొలి విడతగా 210 మిలియన్ డాలర్ల రుణమిచ్చింది. ఈ నమూనా వెనుక ఉన్న ఆలోచన ఇది: ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ వేర్వేరు వ్యాపారాలైతే నష్టం ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది, పంపిణీని ప్రైవేటుకు ఇవ్వవచ్చు, ధరను మంత్రివర్గం బదులు మండలి నిర్ణయిస్తుంది.

అప్పటికే ప్రైవేటు ఉత్పత్తి మొదలైంది. జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి గ్యాసు కేంద్రాలతో కుదిరిన ఒప్పందాలు రెండు భాగాల ధరను తెచ్చాయి. వాడినా వాడకపోయినా స్థిర చార్జీ, వాడితే ఇంధన చార్జీ. అమ్మే వైపు హెచ్‌పీకి ఇంత అన్న లెక్క, కొనే వైపు కాగితం మీద కచ్చితంగా లెక్కించిన స్థిర చార్జీలు. ఈ రెండింటి మధ్య పంపిణీ సంస్థ నిలబడింది.

2000లో వచ్చిన ధరల పెంపు ఉత్తర్వు వామపక్షాల, కాంగ్రెస్ పార్టీ నాయకత్వంలో పెద్ద ఉద్యమానికి దారితీసింది. ఆగస్టు 28న బషీర్‌బాగ్ వద్ద పోలీసుల కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. తెలుగు రాజకీయ చరిత్రలో ఆ తేదీ స్థానం తెలిసిందే. వ్యాపార చరిత్రలో దాని స్థానం వేరు. పంపిణీ ప్రైవేటీకరణ ఆ తరువాత ముందుకు సాగలేదు. నాలుగు సంస్థలు కంపెనీ చట్టం కింద నమోదయ్యాయి గానీ వాటి వాటాలన్నీ ప్రభుత్వ రంగంలోనే ఉండిపోయాయి.

సంస్కరణలు మిగిల్చిన ఒక మేలును ఇక్కడ చెప్పాలి. మండలి ఏటా జరిపే బహిరంగ విచారణలో రైతు సంఘాలవారు తెలుగులో మాట్లాడారు, తెలుగులో అభ్యంతరాలు రాసిచ్చారు. అంతకుముందు బోర్డు లెక్కలు ఇంజనీర్ల గదుల్లో ఉండేవి. వ్యవసాయ వాడకం అంచనా ఎలా వేశారని ఒక రైతు అధికారులను అందరి ముందూ నిలదీయడం, దానికి రాతపూర్వకంగా జవాబు రావడం కొత్త విషయం. ఆధునిక తెలుగు వచనానికి కూడా ఆ అభ్యంతర పత్రాలు విలువైన ఆకరాలు.

5. ఉచితం: కొనుగోలుదారు మారిన కాలం

2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలుపై చేశారు. దీన్ని శ్లాబుకు పొడిగింపుగా చూడటం పరిపాటి. వ్యాపార నమూనా దృష్టితో చూస్తే ఇది అంతకంటే పెద్ద మార్పు. అంతకు ఏడాది ముందే వచ్చిన 2003 విద్యుత్ చట్టం, 65వ సెక్షన్‌లో, ఏ వర్గానికైనా ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వదలిస్తే ఆ మొత్తాన్ని పంపిణీ సంస్థకు ముందుగా చెల్లించాలని చెప్పింది. శ్లాబు కాలంలో నష్టం బోర్డు పద్దుల్లో కనిపించకుండా ఉండేది. ఇప్పుడది బడ్జెట్‌లో ఒక పద్దు అయింది. పంపుసెట్టు కరెంటును కొనేది ప్రభుత్వం, ధర నిర్ణయించేది మండలి, అమ్మేది పంపిణీ సంస్థ. రైతు ఆ లావాదేవీలో సరుకు చేరే చోటు మాత్రమే.

కొలత మళ్లీ మారింది. రైతుకు తెలిసిన కొలత గంట. ఏడు గంటలు, తరువాత తొమ్మిది గంటలు. పంపిణీ సంస్థకూ ప్రభుత్వానికీ మధ్య కొలత యూనిట్టు. కానీ పంపుకు మీటరు లేదు. భారత గణాంక సంస్థ రూపొందించిన పద్ధతి ప్రకారం కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా ఎంచి, వాటికి మీటర్లు పెట్టి, వచ్చిన రీడింగు నుండి రాష్ట్రం మొత్తానికి అంచనా కట్టేవారు. ఆ అంచనా పెరిగితే సబ్సిడీ కోరిక పెరుగుతుంది. మండలి తక్కువ ఆమోదిస్తే తేడా సంస్థపై పడుతుంది. ప్రభుత్వం ఆలస్యం చేస్తే సంస్థ అప్పు తెస్తుంది. ఏటా ఈ అంకె మీద జరిగిన వాదం నిజానికి అమ్మకందారు, కొనుగోలుదారు బేరమే. ఆ బేరంలో రైతుకు చోటు లేదు.

దీని ప్రభావం హక్కుల మీద పడింది. 2004లో మండలి తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధన ప్రకారం గ్రామాల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలి. మార్చకపోతే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. వ్యవసాయ సర్వీసు కూడా ఆ నిబంధన పరిధిలోనిదే. అయినా ట్రాక్టర్లు ఆగలేదు. బిల్లు కట్టనివాడు పరిహారం అడగడమేమిటన్న ధోరణి కార్యాలయాల్లో ఉండేది. రైతుకు కూడా "ఊరికే వచ్చేది" అన్న మొహమాటం. ఉచితం అన్న మాట, చట్టం ఇచ్చిన హక్కును వాడుకలో పలచన చేసింది. సబ్సిడీ రూపంలో ఆ కరెంటుకు వెల చెల్లించిన ప్రభుత్వం మడి ఎండిపోతున్నప్పుడు ఆ కొనుగోలుదారు హక్కును వాడదు, రైతు వాడలేడు.

రాత్రి సరఫరా సంగతి కూడా ఈ నమూనాలోనిదే. కర్మాగారాల వాడకం తగ్గే అర్ధరాత్రి వేళ కరెంటు మిగిలి ఉంటుంది. దాన్ని పంపులకు ఇస్తే వ్యవస్థ సమతూకంలో ఉంటుంది. గ్రూపులుగా విడగొట్టి విడతలవారీగా ఇచ్చారు. పరిశ్రమ దృష్టిలో అది తెలివైన సర్దుబాటు. చేను దగ్గర దాని రూపం వేరు: టార్చిలైటు, తడి గట్టు, పాము, స్టార్టరు డబ్బాలో తేలిన తీగ. ఆటోస్టార్టర్లు ఆ భయం నుండి పుట్టినవే. ఎప్పుడు వచ్చినా మోటారు దానంతటదే తిరగాలని రైతు పెట్టుకున్న పరికరం అది. అన్ని మోటార్లూ ఒక్కసారే లేవడంతో ట్రాన్స్‌ఫార్మర్‌కు అది కొత్త గండమైంది.

6. విభజన, సూర్యుడు, మళ్లీ మీటరు

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చాలా లెక్కలకు జనాభా నిష్పత్తిని, అంటే ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతాన్ని, వాడారు. కరెంటు వాటాకు మాత్రం గత వినియోగాన్ని ప్రాతిపదిక చేశారు. తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం వచ్చింది. హైదరాబాదు వాడకంతో పాటు బావుల వాడకమూ అందులో ఉంది. మీటరు లేని పంపులకు ఏళ్ల తరబడి వేసిన అంచనా ఆ విధంగా రెండు రాష్ట్రాల మధ్య ఆస్తి హక్కుగా మారింది. కొలవని దానికి ఇంత బరువు ఉంటుందని నమూనా ట్రాన్స్‌ఫార్మర్లను ఎంచినవారు ఊహించి ఉండరు.

ఆ తరువాతి మార్పు సూర్యుడి నుండి వచ్చింది. కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు వంటివి వచ్చాక మధ్యాహ్నం విద్యుత్తు సమృద్ధిగా లభించసాగింది. అర్ధరాత్రి మిగులును మింగడానికి వాడిన పంపు ఇప్పుడు పగటి మిగులుకు కావలసి వచ్చింది. దీపాల కాలపు ఇంజనీరు పగటి వాడకం కోసం పంపును వెదికినట్టే ఇది. ఆంధ్రప్రదేశ్ పగటిపూట తొమ్మిది గంటల వైపు సాగింది. తెలంగాణ 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ఇచ్చి, దానికి ముందు ఆటోస్టార్టర్లు తీసేయాలని రైతులను కోరింది. నాగార్జునసాగర్, శ్రీశైలం ఎడమగట్టులలో నీటిని తిరిగి పైకి తోడగల యంత్రాలకు నిల్వ సాధనాలుగా కొత్త విలువ వచ్చింది.

చౌక సౌరవిద్యుత్తు పాత ఒప్పందాలను కూడా కుదిపింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంతకుముందు ఎక్కువ ధరకు కుదిరిన పవన, సౌర ఒప్పందాలను సమీక్షించబోయింది. ఉత్పత్తిదారులు కోర్టుకు వెళ్లారు. 2022లో హైకోర్టు ధర్మాసనం ఒప్పందాల వైపే తీర్పు చెప్పింది. ఒప్పందపు కాగితం చేతిలో ఉన్నవాడి స్థితికీ, ఏ కాగితమూ లేని రైతు స్థితికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పంపుసెట్లకు మీటర్లు పెడతారు. సబ్సిడీ సొమ్ము రైతు పేరున తెరిచిన ఖాతాలో పడుతుంది. అక్కడి నుండి పంపిణీ సంస్థకు వెళుతుంది. శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం మొదలైంది. రాష్ట్రాల అదనపు రుణ పరిమితికి కేంద్రం పెట్టిన షరతులు దీని వెనుక ఉన్నాయి. అవే షరతులను తెలంగాణ ప్రభుత్వం తిరస్కరించి, మోటార్లకు మీటర్లు పెట్టబోమని ప్రకటించింది. రైతు సంఘాల అనుమానం సూటిగా ఉంది: ఈరోజు సబ్సిడీ ఖాతాలో పడుతుంది, రేపు పడకపోతే బిల్లు ఎవరి పేరున ఉంటుంది? బషీర్‌బాగ్ తరువాతి తరానికి ఆ అనుమానం పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. ప్రభుత్వం మాత్రం, బిల్లు చేతిలో ఉంటే రైతు నాణ్యమైన సరఫరాను హక్కుగా అడగగలడని వాదించింది. పై విభాగంలో చెప్పిన 48 గంటల నిబంధన గతిని చూస్తే ఈ వాదాన్నీ తోసిపుచ్చలేం.

ఇరువైపులా తక్కువగా చర్చించిన సమస్య ఒకటి ఉంది. సర్వీసు ఎవరి పేరున ఉంటే ఖాతా వారిదే. మన పల్లెల్లో సర్వీసులు తాతల పేర్ల మీద, చనిపోయినవారి పేర్ల మీద, ఊరు విడిచి హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన భూయజమానుల పేర్ల మీద ఉన్నాయి. మోటారు తిప్పేది కౌలుదారు. ట్రాన్స్‌ఫార్మర్ చందా వేసేదీ, స్టార్టరు పట్టుకునేదీ అతడే. శ్లాబు కాలంలో గానీ ఉచితం కాలంలో గానీ అతని పేరు అడగవలసిన అవసరం సంస్థకు కలగలేదు. సొమ్మును ఖాతాకు జమచేసి కొనుగోలుదారును కాగితం మీద నిలబెట్టాలనుకున్న ఈ కొత్త నమూనాలో కూడా, కరెంటు "వచ్చింది" అని రాత్రి లేచి వెళ్లిన మనిషి పేరు రాసే గడి లేదు.